రహస్యం ఎవరికి? జెఫర్సన్, శాలీ హెమింగ్స్, రెండు నవలలు



"మేడం, నవల అంటే కల్పన కదా. దాన్ని చరిత్రకు సాక్ష్యంగా ఎట్లా తీసుకుంటాం?" పోయిన భాగం చదివి చాలామంది విద్యార్థులు ఇదే అడిగారు. మంచి ప్రశ్న. రెండు ముక్కల్లో తేలేది కాదు. అందుకే ఈసారి మిమ్మల్ని మన ఊళ్లు దాటించి అమెరికాకు తీసుకుపోతున్నాను. ఒక దేశాధ్యక్షుడి మీద పత్రికలకెక్కిన "అక్రమ సంబంధం" గొడవ, దాని మీద 126 ఏళ్ల తేడాతో వచ్చిన రెండు నవలలు, ఆ సంగతంతా పుకారేనని కొట్టిపారేసిన పేరుమోసిన చరిత్రకారులు, చివరికి ఎవరి మాట నిలబడిందన్నది ఇవాళ్టి విషయం. పొడుగ్గానే ఉంటుంది. ఓపిక పట్టండి.

థామస్ జెఫర్సన్ పేరు పొలిటికల్ సైన్స్ చదివిన వాళ్లందరికీ తెలుసు. 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన చిత్తుప్రతి రాసింది ఆయనే. మనుషులంతా సమానంగా పుట్టారన్న మాటను ఒక రాజ్యపత్రంలోకి ఎక్కించినవాడు. 1801 నుంచి 1809 దాకా ఆ దేశానికి మూడో అధ్యక్షుడు. ఆ దేశపు నాణేల మీద ఇప్పటికీ ఆయన బొమ్మ ఉంది.

అదే జెఫర్సన్ తన జీవితకాలంలో ఆరువందల మందికి పైగా మనుషులకు యజమాని. వర్జీనియాలో మాంటిచెల్లో అనే కొండ మీద ఆయన భవంతి ఉంది. ఇప్పుడు అదొక పెద్ద పర్యాటక స్థలం. ఆ కొండ చుట్టూ పొగాకు, గోధుమ పండించినవాళ్లు, కొలిమి దగ్గర మేకులు కొట్టినవాళ్లు, ఆయన బల్ల మీదికి ఫ్రెంచి వంటలు వండి పంపినవాళ్లు అందరూ బానిసత్వంలో ఉన్న నల్లవాళ్లు. వర్జీనియా రాష్ట్రం గురించి ఆయన రాసిన పుస్తకంలో నల్లవాళ్లు బుద్ధిలో తెల్లవాళ్లకంటే తక్కువేమోననే అనుమానాన్ని పాండిత్యం లాగా వెలిబుచ్చాడు. ఆ కాలపు నల్లజాతి కవయిత్రి ఫిలిస్ వీట్లీ కవిత్వం విమర్శకు కూడా తగదని తీసిపారేశాడు. సాహిత్యం చదువుతున్న పిల్లలు ఈ మాట గుర్తుపెట్టుకోండి. మన కవిత్వం గురించి "ఇది నినాదం, కవిత్వం కాదు" అన్నవాళ్లు ఇక్కడే పుట్టలేదు.

ఇప్పుడు ఆమె గురించి.

శాలీ హెమింగ్స్ 1773 ప్రాంతంలో పుట్టింది. తల్లి ఎలిజబెత్ హెమింగ్స్, జాన్ వేల్స్ అనే తెల్ల భూస్వామి దగ్గర బానిస. శాలీకి తండ్రి ఆ జాన్ వేల్సే. ఆయనకు పెళ్లి చేసుకున్న భార్య వల్ల పుట్టిన కూతురు మార్తా. ఆ మార్తానే జెఫర్సన్ పెళ్లాడాడు. 1773లో వేల్స్ చనిపోతే ఆయన ఆస్తిలో వాటాగా నూటముప్పై మందికి పైగా మనుషులు జెఫర్సన్ దంపతులకు వచ్చారు. వాళ్లలో ఎలిజబెత్ హెమింగ్స్, ఆమె పిల్లలు ఉన్నారు. చంకలో ఉన్న శాలీ కూడా ఉంది.

మన వరసల్లో చెప్పుకుంటే, శాలీ జెఫర్సన్‌కు మరదలు. భార్యకు తండ్రి తరపు చెల్లెలు. చట్టం లెక్కలో మాత్రం గుర్రం లాగా, మంచం లాగా ఆస్తి.

ఇది ఎట్లా సాధ్యమైంది? 1662లో వర్జీనియా ఒక చట్టం చేసింది. పుట్టిన బిడ్డ బానిసా, స్వేచ్ఛాజీవా అన్నది తల్లి స్థితిని బట్టి ఉంటుందని ఆ చట్టం చెప్పింది. ఇంగ్లండ్ సంప్రదాయంలో బిడ్డ తండ్రి వరసలో నడుస్తాడు. ఇక్కడ కావాలని దాన్ని తిప్పేశారు. ఎందుకో ఆలోచించండి. తెల్ల యజమాని తన దగ్గరున్న నల్ల స్త్రీని బలవంతం చేస్తే పుట్టిన బిడ్డ తండ్రి పేరు అడగకూడదు, తండ్రి ఆస్తి అడగకూడదు, పైగా తండ్రికే ఆస్తి కావాలి. అత్యాచారానికి శిక్ష లేకపోవడమే కాదు, లాభం కూడా ఏర్పాటు చేసిన చట్టం అది.

తెలంగాణ పల్లెల్లో గడీల చరిత్ర తెలిసినవాళ్లకు ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. దొరసాని కూతురిని అత్తారింటికి పంపేటప్పుడు వెంట ఒక "ఆడబాప"ను పంపేవాళ్లు. చాకిరీకి అని పేరు. ఆ గడీలోని మగవాళ్లకు ఆమె మీద హక్కు ఉన్నట్టే లెక్క. ఆమెకు పుట్టిన పిల్లలు గడీ చాకిరీలోకే పోయేవాళ్లు. రంగుతో నడిచిన వ్యవస్థా, కులంతో నడిచిన వ్యవస్థా ఒకటని నేను అనను. కానీ ఆస్తికి తండ్రిని, చాకిరీకి తల్లిని చూసే లెక్క మాత్రం రెండు చోట్లా ఒకటే.

1782లో మార్తా చనిపోయింది. 1784లో జెఫర్సన్ ప్యారిస్‌కు రాయబారిగా పోయాడు. శాలీ అన్న జేమ్స్ హెమింగ్స్‌ను ఫ్రెంచి వంట నేర్చుకోవడానికి వెంట తీసుకుపోయాడు. 1787లో తన చిన్న కూతురిని కూడా ప్యారిస్‌కు రప్పించుకున్నాడు. ఆ పాపకు తోడుగా ఓడ ఎక్కిన పిల్ల శాలీ. అప్పుడు ఆమెకు 14 ఏళ్లు. జెఫర్సన్‌కు 44.

ఫ్రాన్స్‌లో ఉన్నంతకాలం ఆమె కోర్టుకు పోయి నేను స్వేచ్ఛాజీవిని అని అడగొచ్చు. అలా అడిగి గెలిచినవాళ్లు అక్కడ ఉన్నారు. 1789లో జెఫర్సన్ తిరుగు ప్రయాణానికి సిద్ధమైనప్పుడు ఏం జరిగిందో ఆమె కొడుకు మాడిసన్ హెమింగ్స్ తరువాత చెప్పాడు. అప్పటికి శాలీ గర్భవతి. నేను రానన్నది. తిరిగి వస్తే ప్రత్యేకంగా చూసుకుంటానని, పుట్టబోయే పిల్లలకు 21 ఏళ్లు నిండగానే స్వేచ్ఛ ఇస్తానని ఆయన మాట ఇచ్చాడు. ఆ మాట మీద ఆమె వెనక్కి వచ్చింది.

పదహారేళ్ల పిల్ల. పరాయి దేశం. కడుపులో బిడ్డ. ఎదురుగా ఒక దేశ రాయబారి. ఆ స్థితిలో కూడా ఆమె బేరమాడింది. తన కోసం కాదు, ఇంకా పుట్టని పిల్లల కోసం. దీన్ని ప్రేమ అని రాసినవాళ్లున్నారు. లొంగుబాటు అని రాసినవాళ్లున్నారు. నాకు మాత్రం ఇదొక ఒప్పందం. ఒక పక్క చేతిలో సర్వం ఉండి, ఇంకో పక్క చేతిలో "రాను" అనే ఒక్క మాట ఉన్నప్పుడు జరిగిన ఒప్పందం.

మాంటిచెల్లోలో ఆమెకు ఆరుగురు పిల్లలు పుట్టారు. నలుగురు బతికారు. బెవర్లీ, హారియెట్, మాడిసన్, ఎస్టన్. జెఫర్సన్ తన వ్యవసాయ లెక్కల పుస్తకంలో ఈ పుట్టుకలను తన చేత్తోనే రాసుకున్నాడు. తండ్రి పేరు రాయలేదు. పశువుల లెక్క, బట్టల పంపకం, దుప్పట్ల లెక్క రాసుకున్న పుస్తకంలోనే తన పిల్లల పుట్టిన తేదీలూ ఉన్నాయి.

ఇక రచ్చ గురించి. 1802 సెప్టెంబర్ 1న 'రిచ్‌మండ్ రికార్డర్' అనే పత్రికలో జేమ్స్ క్యాలెండర్ ఈ విషయం బయటపెట్టాడు. అధ్యక్షుడు శాలీ అనే బానిసను ఎన్నో ఏళ్లుగా ఉంచుకున్నాడని రాశాడు. ఈ క్యాలెండర్ ఒకప్పుడు జెఫర్సన్ మనిషే. జెఫర్సన్ ప్రత్యర్థి జాన్ ఆడమ్స్‌ను తిడుతూ రాసి జైలుకు పోయాడు. జెఫర్సన్ అధ్యక్షుడయ్యాక రిచ్‌మండ్ పోస్ట్‌మాస్టర్ ఉద్యోగం అడిగాడు. దొరకలేదు. అప్పుడు ఎదురు తిరిగాడు.

ప్రత్యర్థి పార్టీ పత్రికలు పండగ చేసుకున్నాయి. శాలీ మీద పాటలు కట్టారు. ఆ రాతలన్నింటిలో ఒక్కటి గమనించండి. అధ్యక్షుడు ఒక నల్ల స్త్రీని ముట్టుకున్నాడన్నదే వాళ్లకు నేరం. ఒక పిల్లకు కాదనే హక్కు లేదన్నది ఎవరికీ పట్టలేదు. ఆమెను వేశ్య అన్నారు, రంగును వెక్కిరించారు, ఆమె శరీరాన్ని వెక్కిరించారు. ఆమెను అడిగినవాళ్లు లేరు. జెఫర్సన్ బహిరంగంగా ఒక్క మాట మాట్లాడలేదు. 1804లో మళ్లీ పోటీ చేసి 176 ఎలక్టోరల్ ఓట్లలో 162 గెలిచాడు.

అంటే రచ్చ ఆయన్ని ఏమీ చేయలేదు. ఆమెకు మాత్రం ఒక పేరు మిగిలింది. మన భాషలో చూడండి. "ఉంపుడుగత్తె" అని ఆమెకు ఒక మాట ఉంది. ఉంచుకున్నవాడికి వేరే మాట అక్కర్లేదు. దొర దొరగానే ఉంటాడు.

1826 జూలై 4న జెఫర్సన్ అప్పుల్లో చనిపోయాడు. వీలునామాలో ఐదుగురికి స్వేచ్ఛ ఇచ్చాడు. ఐదుగురూ హెమింగ్స్ కుటుంబం వాళ్లే. మాడిసన్, ఎస్టన్ అందులో ఉన్నారు. బెవర్లీ, హారియెట్ 1822లోనే మాంటిచెల్లో వదిలి వెళ్లిపోయి తెల్లవాళ్లలో కలిసిపోయారు. ప్యారిస్‌లో ఇచ్చిన మాట అక్కడికి నిలిచింది. వీలునామాలో శాలీ పేరు లేదు. ఆస్తుల జాబితాలో ఆమెకు కట్టిన విలువ 50 డాలర్లు. తరువాత జెఫర్సన్ కూతురు ఆమెను లాంఛనాలేవీ లేకుండా వదిలేసింది. కొడుకులతో కలిసి దగ్గర్లోని షార్లట్స్‌విల్‌లో ఉంటూ 1835లో కన్నుమూసింది.

మిగిలినవాళ్ల సంగతీ చెప్పాలి. 1827 జనవరిలో మాంటిచెల్లోలో వేలం పెట్టారు. 130 మంది మనుషులు. వీలునామాలో స్వేచ్ఛ పొందిన కమ్మరి జో ఫాసెట్ భార్య ఈడిత్, అధ్యక్ష భవనంలో ఫ్రెంచి వంట నేర్చుకున్న మనిషి. ఆమెను, పిల్లలను ఆ వేలంలోనే అమ్మారు. భర్త స్వేచ్ఛాజీవి, భార్యాపిల్లలు వేలం పాటలో. "గొప్ప ప్రేమకథ" అని శాలీ కథ చెప్పేవాళ్లు ఈ వేలాన్ని పక్కన పెట్టి చెప్తారు.

ఇప్పుడు మొదటి నవల దగ్గరికి వద్దాం.

విలియం వెల్స్ బ్రౌన్ కెంటకీ రాష్ట్రంలో బానిసగా పుట్టాడు. తల్లి బానిస. తండ్రి యజమానికి బంధువైన తెల్లవాడు. తల్లిని వెంటబెట్టుకుని ఒకసారి పారిపోతే ఇద్దరినీ పట్టుకున్నారు. తల్లిని దక్షిణాదికి అమ్మేశారు. 1834లో ఆయన ఒక్కడే తప్పించుకున్నాడు. తరువాత ఇంగ్లండ్ వెళ్లి బానిసత్వానికి వ్యతిరేకంగా ఊరూరా ఉపన్యాసాలు ఇచ్చాడు. అక్కడే 1853లో 'క్లోటెల్' నవల అచ్చయింది. అధ్యక్షుడి కూతురు అన్నది దాని ఉపశీర్షిక. ఆఫ్రికన్ అమెరికన్ రాసి ప్రచురించిన మొదటి నవలగా దాన్ని చెప్తారు.

అంటే ఒక జాతి నవలా సాహిత్యం ఈ "పుకారు"తో మొదలైంది. అది యాదృచ్ఛికం కాదు. బ్రౌన్ పుట్టుకే ఆ పుకారు లాంటిది. తండ్రి పేరు చెప్పకూడని లక్షల మంది పుట్టుకలు అలాంటివే.

నవలలో జెఫర్సన్ దాదాపు కనిపించడు. ఆయన ప్రేమాయణం మీద బ్రౌన్‌కు ఆసక్తి లేదు. కథ రిచ్‌మండ్‌లో వేలంతో మొదలవుతుంది. కరర్ అనే తల్లి, క్లోటెల్, అల్తీసా అనే ఇద్దరు కూతుళ్లు. తండ్రి అధ్యక్షుడు. క్లోటెల్‌ను హొరేషియో గ్రీన్ అనే తెల్లవాడు కొనుక్కుని ఇల్లు పెడతాడు. ఒక కూతురు పుడుతుంది. తరువాత అతనికి రాజకీయాల మీద ఆశ పుట్టి తెల్ల అమ్మాయిని పెళ్లి చేసుకుంటాడు. ఆ భార్య క్లోటెల్‌ను అమ్మించేస్తుంది. బిడ్డను ఇంట్లో పనిమనిషిని చేస్తుంది. క్లోటెల్ మగవేషంలో తప్పించుకుంటుంది. బిడ్డ కోసం తిరిగి వర్జీనియాకు వచ్చి పట్టుబడుతుంది. వాషింగ్టన్ జైలు నుంచి పారిపోతూ, రెండు పక్కలా వేటగాళ్లు అడ్డం వస్తే పోటోమాక్ నది వంతెన మీదినుంచి దూకేస్తుంది. అధ్యక్ష భవనం కనిపించేంత దూరంలో.

అసలు శాలీ జీవితంలో ఇవేవీ జరగలేదు. కాబట్టి వివరాల్లో ఇది కల్పన. కానీ ఆ వ్యవస్థ ఎట్లా పనిచేసిందన్నది ఇందులో అబద్ధం కాదు. తండ్రి ఎంత గొప్పవాడైనా కూతురు వేలానికి పోవచ్చు అన్నది అక్షరాలా చట్టం. బ్రౌన్ చేసింది ఒక్కటే. అధ్యక్షుడి పడకగది మీద ఉన్న చూపును తీసుకొచ్చి వేలం దిమ్మె మీద పెట్టాడు. ఇంకో సంగతి. 1864లో ఈ నవల అమెరికాలో పుస్తకంగా వచ్చినప్పుడు అందులో అధ్యక్షుడు లేడు. ఆ స్థానంలో ఒక సెనేటర్ ఉన్నాడు.

సరే, కుటుంబాలు ఏం చెప్పాయి? జెఫర్సన్ మనవడు, పిల్లల పోలికలు చూసి తప్పించుకోలేక, తండ్రి పీటర్ కార్ అని ఒక చరిత్రకారుడికి చెప్పాడు. ఈ కార్ జెఫర్సన్ మేనల్లుడు. మనవరాలు 1858లో రాసిన ఉత్తరంలో తండ్రి శామ్యూల్ కార్ అన్నది. ఇతను పీటర్ తమ్ముడు. ఒకే ఇంటి ఇద్దరు మనుషులు ఇద్దరు వేర్వేరు మనుషుల పేర్లు చెప్పారు. చరిత్రకారులు ఇద్దరినీ నమ్మారు.

1873లో ఒహాయో రాష్ట్రంలో 'పైక్ కౌంటీ రిపబ్లికన్' పత్రికకు మాడిసన్ హెమింగ్స్ తన కథ చెప్పాడు. అప్పటికి ఆయన వయసు 68, వడ్రంగి. తన తండ్రి ఎవరో, అమ్మమ్మ ఎవరో, ప్యారిస్‌లో ఏం ఒప్పందం జరిగిందో, తోబుట్టువులు ఎటు పోయారో చెప్పాడు. అదే ఏడాది, అదే పత్రికలో మాంటిచెల్లోలో పనిచేసిన ఇజ్రాయెల్ జెఫర్సన్ అనే మరో పెద్దమనిషి కూడా అవును, అది మాకు తెలుసు అన్నాడు. ఆయన మాటా ఎవరూ నమ్మలేదు.

1873. ఈ ఏడాది మనకు ఎందుకు ముఖ్యమో అంబేద్కరైట్ విద్యార్థులకు చెప్పక్కర్లేదు. పూణేలో జోతిరావు ఫూలే 'గులాంగిరీ' అచ్చువేసిన సంవత్సరం అది. బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు ఆయన ఆ పుస్తకాన్ని అంకితం ఇచ్చాడు. ఫూలేకు మాడిసన్ తెలియదు, మాడిసన్‌కు ఫూలే తెలియదు. ఒకరు ఒహాయోలో, ఒకరు పూణేలో, ఇద్దరూ పై వాళ్లు రాసిపెట్టిన చరిత్రకు ఎదురుచెప్పారు. ఇద్దరికీ ఒకే ప్రశ్న ఎదురైంది. "నీ మాటకు ఆధారం ఏది?"

తరువాతి వందేళ్లు పెద్ద చరిత్రకారులు ఇదే అడిగారు. డ్యూమాస్ మలోన్ జెఫర్సన్ మీద ఆరు సంపుటాలు రాశాడు. పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆయన వాదన సారాంశం ఏమిటంటే, జెఫర్సన్ అలాంటివాడు కాదు. అంతే. "మా దొర అట్లాంటోడు కాదు" అన్న మాటకు ఆరు సంపుటాల బరువు వస్తే అది పరిశోధన అయింది. తమాషా ఏమిటంటే, జెఫర్సన్ ఏ రోజు ఎక్కడున్నాడో మలోన్ శ్రద్ధగా తేదీల పట్టిక తయారుచేశాడు. ఆ పట్టికను పిల్లల పుట్టిన తేదీల పక్కన పెట్టి చూస్తే, శాలీ గర్భం దాల్చిన ప్రతిసారీ జెఫర్సన్ మాంటిచెల్లోలోనే ఉన్నాడు. ఆధారం వాళ్ల చేతిలోనే ఉంది. చూడాలన్న మనసే లేదు.

1974లో ఫాన్ బ్రోడీ అనే చరిత్రకారిణి తన పుస్తకంలో మాడిసన్ మాటను నమ్మి రాస్తే ఆమె మీద విరుచుకుపడ్డారు. ఆ పుస్తకం చదివిన బార్బరా చేజ్-రిబౌ, ఫిలడెల్ఫియాలో పుట్టి ప్యారిస్‌లో స్థిరపడిన నల్లజాతి శిల్పి, 1979లో 'శాలీ హెమింగ్స్' నవల రాసింది. ఇది మన రెండో నవల.

ఇందులో ఒక గొప్ప ఊహ ఉంది. 1830లో జనాభా లెక్కలు రాసే నాథన్ లాంగ్డన్ అనే యువకుడు శాలీ గుడిసెకు వస్తాడు. ఆమెను తెల్ల మనిషిగా నమోదు చేస్తాడు. ఆమె మీద దయతో కాదు. జెఫర్సన్ ఒక నల్ల స్త్రీతో కాపురం చేశాడన్న మచ్చ ఉండకూడదని. తన అనుమతి లేకుండా తన జాతిని మార్చేశారని తెలిసి శాలీ రగిలిపోతుంది. లెక్కలు రాసేవాడి కలం మనిషిని ఎట్లా చెరిపేస్తుందో ఈ ఒక్క ఘట్టం చాలు. మన ఊళ్లలో కులం సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు.

ఈ నవలతో నాకు పేచీ కూడా ఉంది. రచయిత్రి ఆ సంబంధాన్ని చాలాచోట్ల ప్రేమగా రాసింది. చిక్కుల్లో పడ్డ ప్రేమ, నలిగిపోయిన ప్రేమ, కానీ ప్రేమే. ముప్పై ఏళ్లకు పైగా ఒక మనిషి లోపల ఏముందో మనం తేల్చలేం, నిజమే. శాలీ ఒక్క ముక్క కూడా రాసి వదల్లేదు. ఆమె బొమ్మ కూడా లేదు. కానీ కాదనడానికి వీల్లేని చోట అవుననడానికి విలువ ఎంత? ఈ ప్రశ్న నవలలో ఉండాల్సినంత గట్టిగా లేదు. బ్రౌన్ నవలలో వేలం దిమ్మె మరిచిపోనివ్వదు. ఇక్కడ ప్యారిస్ వెలుగులు కొన్నిచోట్ల దాన్ని కప్పేస్తాయి.

అయినా ఈ నవల చేసిన పని చిన్నది కాదు. మొదటిసారి శాలీకి లోపలి గొంతు ఇచ్చింది. లక్షలాది మంది చదివారు. దాన్ని టీవీ సీరియల్‌గా తీయాలని సీబీఎస్ అనుకుంటే మలోన్ లాంటి చరిత్రకారులు కదిలి వద్దని ఒత్తిడి తెచ్చారు. సీరియల్ అప్పటికి ఆగిపోయింది. వర్జీనియస్ డాబ్నీ అనే మరో పెద్దాయన 1981లో దీన్ని ఖండించడానికి ఒక పుస్తకమే రాశాడు. ఉత్త కల్పనే అయితే ఇంత భయం ఎందుకు?

1997లో న్యాయశాస్త్ర ఆచార్యురాలు ఆనెట్ గోర్డన్-రీడ్ ఒక పుస్తకం రాసింది. కొత్త పత్రం ఏదీ ఆమె తవ్వి తీయలేదు. ఉన్న సాక్ష్యాలనే కోర్టులో పెట్టినట్టు పెట్టి, చరిత్రకారులు తెల్ల సాక్షికి ఒక త్రాసు, నల్ల సాక్షికి ఒక త్రాసు వాడారని చూపింది. తెల్ల మనవడు విన్నమాట చెప్తే సాక్ష్యం, నల్ల కొడుకు సొంత పుట్టుక చెప్తే పుకారు. మరుసటి ఏడాది, 1998 నవంబర్‌లో 'నేచర్' పత్రిక డీఎన్‌ఏ పరీక్ష ఫలితాలు అచ్చువేసింది. ఎస్టన్ హెమింగ్స్ మగ వారసుడి డీఎన్‌ఏ జెఫర్సన్ వంశంతో కలిసింది. కార్ సోదరుల వంశంతో కలవలేదు. వందేళ్లకు పైగా నమ్మిన "మేనల్లుడి కథ" ఆ రోజుతో పోయింది. 2000లో మాంటిచెల్లోను నడిపే ఫౌండేషనే, అన్ని ఆధారాలూ కలిపి చూస్తే శాలీ పిల్లలకు జెఫర్సనే తండ్రి అయ్యే అవకాశం చాలా ఎక్కువని ఒప్పుకుంది. డీఎన్‌ఏ వంశాన్ని చూపుతుంది గానీ మనిషిని కాదని, జెఫర్సన్ తమ్ముడు కావొచ్చని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. తేదీలు, వీలునామా, మాడిసన్ మాట అన్నీ ఒకే వైపు చూపిస్తున్నప్పుడు ఆ వాదనకు బలం లేదు. గోర్డన్-రీడ్ తరువాత హెమింగ్స్ కుటుంబం మొత్తం చరిత్ర రాసి 2009లో పులిట్జర్ గెలిచింది. చరిత్ర విభాగంలో ఆ బహుమతి అందుకున్న మొదటి ఆఫ్రికన్ అమెరికన్ ఆమె.

అదే పరీక్షలో ఇంకో విషయం తేలింది. దాన్ని దాచను. థామస్ వుడ్సన్ అనే మనిషి కూడా జెఫర్సన్, శాలీల కొడుకేనని ఆయన వారసుల్లో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. వాళ్ల డీఎన్‌ఏ కలవలేదు. అంటే కుటుంబ జ్ఞాపకం ప్రతిసారీ నిజం కాదు. నేను జ్ఞాపకాన్ని పూజించమనడం లేదు. పరీక్షించమంటున్నాను. కానీ దొర కాగితాన్ని కూడా అంతే గట్టిగా పరీక్షించమంటున్నాను.

ఇప్పుడు మన దగ్గరికి వస్తాను. పీహెచ్‌డీ రోజుల్లో ఒక సెమినార్‌లో జోగినీల జీవితం మీద పత్రం చదివాను. మా వైపు ఊళ్లలో ముసలమ్మలు చెప్పిన మాటలు అందులో వాడాను. ఒక పెద్ద ఆచార్యుడు లేచి "ఇవన్నీ అమ్మలక్కల కబుర్లు, రాతపూర్వకమైన ఆధారం ఉందా?" అన్నాడు. హాలు నవ్వింది. నా పక్కన కూర్చున్న ఒక జూనియర్ తన పత్రం చదవకుండానే వెళ్లిపోయింది. ఆ అమ్మాయి అమ్మమ్మ జోగిని.

రాతపూర్వకమైన ఆధారం ఎక్కడినుంచి వస్తుంది? ఊరి పెద్దలు ఒక పిల్లను దేవుడి పేరు మీద వదిలి, తరువాత ఆమెను ఊరి సొత్తు చేస్తే, ఆ రాత్రులను ఏ పట్వారీ రాసుకున్నాడు? ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. బడిలో తండ్రి పేరు అడిగితే చెప్పలేని పిల్లల ఇబ్బంది ఆ చట్టంతో ఒక్కసారిగా పోలేదు. వాడలో అందరికీ తెలుసు ఆ తండ్రి ఎవరో. ఊళ్లో కూడా అందరికీ తెలుసు. అయినా దాన్ని "రహస్యం" అంటారు.

మాంటిచెల్లోలో కూడా అంతే. బానిసల గుడిసెల్లో అందరికీ తెలుసు. ఇరుగుపొరుగు తెల్లవాళ్లకు తెలుసు. తెలియనిదల్లా చరిత్ర పుస్తకానికే. కాబట్టి ఎవరైనా "ఒక మహానాయకుడి రహస్య ప్రేమాయణం" అని రాస్తే రెండు ప్రశ్నలు వేయండి. రహస్యం ఎవరికి? ప్రేమ ఎవరి మాటలో?

ఇక మొదటి ప్రశ్నకు జవాబు. నవల సాక్ష్యం కాదు. కానీ సాక్ష్యం చెప్పనివ్వని చోట, చెప్పినా నమ్మని చోట, ప్రశ్న చచ్చిపోకుండా కాపాడేది నవల. బ్రౌన్ నవల లేకపోతే, చేజ్-రిబౌ నవల లేకపోతే, ప్రయోగశాలలో ఆ పరీక్ష చేయాలన్న ఒత్తిడి అంతగా ఉండేది కాదని నా నమ్మకం. మన దగ్గర జి. కల్యాణరావు 'అంటరాని వసంతం' ఒక ముసలావిడ రూతు జ్ఞాపకాల మీదుగా తరాల చరిత్ర చెప్పింది. దళిత స్త్రీల రాతలను గోగు శ్యామల 'నల్లపొద్దు'గా ఒకచోట చేర్చింది. వాటిని సిలబస్‌లో సాహిత్యంగా మాత్రమే చదవకండి. అక్కడ చెప్పిన ఊళ్లు, పేర్లు, పనులు, ఆచారాల వెంట పడండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక పని చేయండి. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మీ అమ్మమ్మనో నాయనమ్మనో కూర్చోబెట్టి మాట్లాడించండి. ఫోన్‌లో రికార్డు చేయండి. తేదీ రాయండి, ఊరు రాయండి, ఎవరు చెప్పారో రాయండి. ఆమె పేరు వెయ్యొద్దంటే వెయ్యకండి. ఆమె చెప్పిన దొర పేరు పాత పహాణీలో ఉందేమో వెతకండి. కలిసినచోట కలిసిందని రాయండి, కలవనిచోట కలవలేదని రాయండి. మాడిసన్ మాటను ఒక చిన్న ఊరి పత్రిక అచ్చువేసి ఉంచింది కాబట్టే 125 ఏళ్ల తరువాత అది గెలిచింది. అచ్చుకాని మాడిసన్‌లు ఎంతమందో!

2018లో మాంటిచెల్లోలో శాలీ ఉండేదని భావిస్తున్న గదిని తెరిచారు. అంతకుముందు ఆ చోటులో కొంత భాగం సందర్శకుల మరుగుదొడ్డిగా వాడారు. ఆమె బొమ్మ లేదు కాబట్టి గోడ మీద ఒక నీడను చూపిస్తారు. కొడుకు మాడిసన్ చెప్పిన మాటలు ఆ నీడ పక్కన నడుస్తాయి. పుకారని కొట్టేసిన మాటలే.

జై భీమ్!